పొయ్యి ముందు గుంట

మా బాబాయిని వీధిలో అందరూ నిప్పుకోడి అని పిలుస్తారు. ఆ పక్షికున్నంత మెడ గానీ కాళ్ళు గానీ ఆయనకు లేవు. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం. రొట్టెల పొయ్యి ముందు ఏళ్ళ తరబడి నిలబడినా ఒంటి మీద ఒక్క బొబ్బ లేదని పిండితాత ఆ పేరు పెట్టాడు. పిండితాత అంటే అదే దుకాణంలో పిండి పిసికే ముసలాయన. ఆయన పెట్టిన పేరు ఎవరినీ ఓ పట్టాన వదలదు. తనకు ఎవరు పెట్టారో మాత్రం చెప్పడు.

దుకాణం ముందు భాగంలో గాజు అరలు, వాటి వెనక మా పిన్ని. బన్నులు సర్దడం, అమ్మడం, నిన్నటి రొట్టెను ఇవాళ్టిదని ఇవ్వలేదు కదా అని అనుమానపడేవాళ్ళను నవ్వుతూనే సాగనంపడం ఆమె పని. ఆ వెనక పిండి గది, దాని వెనక పొయ్యి గది, అన్నిటికన్నా వెనక రెండు చిన్న గదుల్లో వాళ్ళ కాపురం. ఆ ఇంట్లో దుప్పటికీ దిండుకీ కూడా రొట్టె వాసనే.

పొయ్యి గురించి కొంచెం చెప్పాలి. దుకాణం యజమానురాలి మామగారి కాలంలో కట్టిన ఇటుక పొయ్యి అది. దాని నోరు నేలమట్టానికి ఉంటుంది. నోటి ముందు తొడలోతు గుంట. రొట్టె కాల్చే మనిషి అందులోకి దిగి నిలబడితే పొయ్యి నోరు సరిగ్గా నడుముకు ఎదురుగా వస్తుంది. ఇక వంగే పని లేదు. పిండి ముద్దలను కర్ర తెడ్డు మీద పెట్టి లోపలికి తొయ్యడం, కాలినవాటిని బయటికి లాగడం, అంతా నిటారుగా నిలబడే చెయ్యొచ్చు. కట్టినవాడు బుర్ర ఉన్నవాడని అందరూ మెచ్చుకునేవారు.

పొయ్యి నెత్తిన ఇటుకలతోనే కట్టిన అర ఒకటి ఉంది. నిప్పు నెమ్మదిగా ఉన్నప్పుడు అక్కడ కోడిపెట్ట కింద ఉన్నంత వెచ్చదనం. పొంగాల్సిన పిండి పళ్ళాలన్నీ అక్కడే పెడతారు. పిండే కాదు, చల్లారకూడనిది ఏది చేతిలో ఉన్నా, చెయ్యి దానంతటదే ఆ అర మీదికి పోతుంది. తాగుతూ వదిలేసిన టీ గ్లాసు, వానలో తడిసిన మేజోళ్ళు, యజమానురాలు మోకాళ్ళకు రాసుకునే నూనె సీసా, అన్నీ అక్కడే. ఒక్కటే నియమం. కట్టెలు ఎగదోసి మంట పెంచినప్పుడు అర మీద ఏదీ ఉండకూడదు. అప్పుడది అర కాదు, పెనం.

బయట పదిమందిలో నోరు పెగలని బాబాయి గుంటలోకి దిగితే వేరే మనిషి. చిటికెడు పిండి లోపలికి విసిరి, అది ఎర్రబడే తీరు చూసి, "బన్నులకు ఇంకా ఆగాలి, రస్కులకైతే ఇప్పుడే" అని తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు తప్పడం ఎవరూ చూడలేదు. పొయ్యి నిప్పుతోనే సిగరెట్టు వెలిగించేవాడు. అది ఆరేలోగా ఇంకొకటి.

పెళ్ళై ఆరేళ్ళయినా వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఈ విషయంలో బాబాయిని మెచ్చుకోవాలి. ఆసుపత్రికి వెళ్దామని పిన్ని అన్నప్పుడు, "ముందు నన్ను చూడమను. ఆడమనిషిని అన్ని రకాలుగా పొడిచి చూశాక మగాణ్ణి పిలవడం ఏం పద్ధతి?" అన్నాడట. ఇద్దరూ పరీక్షలకు ఒప్పుకున్నారు. పిన్నికి ఏ లోపమూ లేదన్నారు. బాబాయి చేతికి ఒక చిన్న సీసా ఇచ్చి, ఇంటి దగ్గరే పట్టి, చల్లారనివ్వకుండా వీలైనంత తొందరగా తెచ్చి ఇవ్వమన్నారు. ఆయన అలాగే భద్రంగా, వెచ్చగా తీసుకెళ్ళి ఇచ్చాడు.

ఇదంతా పిన్ని నాకు బన్నులు పెట్టెలో సర్దుతూ చెప్పింది. నేను సిగ్గుతో తల దించుకుంటే గొంతు ఇంకా పెంచేది. "చదువుకున్నదానివి, నువ్వే ఇలా ముడుచుకుపోతే ఎట్లాగే? వీర్యం అన్నాను, బూతు మాటేం కాదు" అనేది.

ఫలితం చెప్పడానికి ఇద్దరినీ లోపలికి పిలిచారు. హడావుడిలో ఉన్న ఒక కుర్ర డాక్టరు కాగితం చూస్తూ, "కదిలేవి ఒక్కటీ లేవండీ. బతికున్నవే కనిపించలేదు. ఒక్క పరీక్షతో తేల్చెయ్యలేం, ఇంకోసారి ఇవ్వండి" అన్నాడు.

వెనక్కి వస్తూ దారిలో బాబాయి ఒక్క మాటే అన్నాడు. "చచ్చినవాటిని ఇంకోసారి లెక్కపెట్టడం దేనికి?"

ఆ తరవాత పిన్ని ఎంత బతిమాలినా ఆయన ఆసుపత్రి మెట్లు ఎక్కలేదు. పోట్లాడలేదు, తాగలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. గుంటలోనే ఉండిపోయాడు. తిండి అక్కడికే తెప్పించుకునేవాడు. సిగరెట్లు రెట్టింపయ్యాయి. ఎప్పుడన్నా పైకి వచ్చినా పిన్ని కళ్ళలోకి చూసేవాడు కాదు. ఒకరోజు ఆమె తల దువ్వుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "నువ్వు ఇంకొకరిని చేసుకున్నా నేనేం అనుకోను" అన్నాడు.

పిన్ని దువ్వెన విసిరింది. అది ఆయన చెవి పక్కనుంచి పోయి పిండి డబ్బాకు తగిలింది.

"ఏమయ్యా, నేనేమన్నా పాచిపోయిన రొట్టెనా, ఇంకొకరికి చవగ్గా ఇచ్చెయ్యడానికి? పిల్లలు లేకపోతే లేరు. మనిషివి ఉన్నావా లేవా, అది చెప్పు ముందు" అంది.

ఆయన మెట్లు దిగి గుంటలోకి పోయాడు.

అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం రస్కుల కోసం బాబాయి కట్టెలు ఎగదోస్తున్నాడు. మంట నాలుకలు పొయ్యి కప్పును తాకుతున్నాయి. అప్పుడే పిండితాత చేతుల నిండా పిండితో వచ్చి, కాగితంలో చుట్టిన ఈస్టు ముద్దను ఒక్క క్షణం అని పొయ్యి అర మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఏదో మాటల్లో పడి దాన్ని మరిచిపోయాడు. బాబాయి తలెత్తి చూసి కేకలు వేశాడు.

"తాతా! బుద్ధుందా నీకు? ఇంత మంటలో ప్రాణం ఉన్నదాన్ని తీసుకొచ్చి పొయ్యి నెత్తిన పెడతారా ఎవరన్నా? ఈపాటికి మొత్తం చచ్చి ఊరుకుని ఉంటుంది!"

"ఒక్క క్షణమే కదరా అబ్బాయ్..."

"ఒక్క క్షణమే అనుకునే కదా..." అని మొదలుపెట్టి బాబాయి ఆగిపోయాడు. నోరు అలాగే తెరిచి ఉంది. చేతిలో తెడ్డు గాల్లోనే ఉంది. పిండితాత భయపడి, "గుండె గానీ పట్టేసిందా?" అని ఆయన ఛాతీ మీద పిండి చెయ్యి వేశాడు.

గుండె కాదు. ఆయనకు ఆ రోజు గుర్తొచ్చింది. సీసాతో బయలుదేరబోతుంటే పొయ్యిలో రస్కులు ఉన్నాయి. అవి తియ్యకుండా వెళ్తే మాడిపోతాయి. చల్లారకూడదన్నారు కదా. చెయ్యి దానంతటదే సీసాను అర మీద పెట్టింది. మంట నిలువెత్తున ఉంది. రస్కులు అనుకున్నంత తొందరగా కాలలేదు. తీసుకెళ్ళేటప్పుడు సీసాను రుమాల్లో చుట్టి పట్టుకోవాల్సి వచ్చింది. పరీక్ష గదిలో అమ్మాయి, "వెచ్చగానే ఉంచారా?" అని అడిగితే, "బాగా వెచ్చగా ఉంచానండీ" అని గర్వంగా చెప్పాడు కూడా.

తెడ్డు అక్కడే పడేసి, గుంటలోంచి పైకొచ్చి, ముందు దుకాణంలో ఎవరో బన్నులు కొంటున్నా చూడకుండా పిన్ని చెవిలో చెప్పాడు. పిన్నికి మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పాడు. అప్పుడు ఆమె ఆయన ముఖం వైపు చూసింది, బన్నుల వైపు చూసింది, పొయ్యి గది వైపు చూసింది.

"పిల్లల్ని పొయ్యి మీద పెట్టి రస్కులు తీశావా?" అంది.

తరవాత నవ్వు. కొనడానికి వచ్చినామె ఏమయిందో తెలియక తానూ నవ్వింది. పిన్ని కడుపు పట్టుకుని కిందకు కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఎక్కడో మలుపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది. రొట్టెల మీద కప్పే గుడ్డతో బాబాయిని వీపు మీద కొట్టింది. "ఇన్ని నెలలు... ఇన్ని నెలలు మనిద్దరం చచ్చిపోయినట్టు బతికాం కదయ్యా, ఒక్క పళ్ళెం రస్కుల కోసం!"

ఆయన దెబ్బలన్నీ తిన్నాడు. కొట్టడం అయిపోయాక ఆ గుడ్డ దులిపి మడతపెట్టి ఇచ్చాడు.

ఈసారి సీసా ఆసుపత్రిలోనే నింపి ఇచ్చాడు. పొయ్యి మీద పెట్టిన సంగతి చెబితే పరీక్ష గది అమ్మాయి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఒంటి వెచ్చదనం చాలు, అంతకు మించితే అవి బతకవని చెప్పింది. ఫలితం వచ్చింది. బతికే ఉన్నాయి! కానీ ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఉన్నవి తక్కువ. వాటిలో చాలావరకు ఉన్నచోటే వణుకుతున్నాయి గానీ ముందుకు పోవడం లేదు. ఇంకో పరీక్ష కూడా చేసి, లోపలి దారాలు, అంటే బిడ్డకు పోలికలు మోసుకెళ్ళే డీఎన్ఏ, చాలావాటిలో తెగి ఉన్నాయన్నారు.

ఈసారి చూసింది ఒక పెద్దావిడ. తొందర లేని మనిషి. బాబాయిని పరీక్ష చేసి, నరాల వాపు లాంటిదేమీ లేదని చెప్పి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఏం పని చేస్తారు?"

"రొట్టెలు కాలుస్తానండీ."

"పొయ్యి ముందు ఎలా నిలబడతారో ఒకసారి లేచి చూపించండి."

బాబాయి సిగ్గుపడుతూ లేచి, లేని తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ బల్ల మీది కాగితాల బొత్తిని ఆయన నడుము ఎత్తున పట్టుకుని, "పొయ్యి నోరు ఇక్కడికి వస్తుందా?" అంది.

"ఇంకొంచెం కిందికండీ" అన్నాడు. పిన్ని ముఖం తిప్పుకుంది.

"ఇదుగో చూడండి" అంది డాక్టరమ్మ, "మగవాళ్ళకు వృషణాలను ఒంటి బయట పెట్టిందే ఒంటికన్నా చల్లగా ఉండాలని. మీరు వాటిని రోజంతా పొయ్యికి ఎదురుగా నిలబెడుతున్నారు. పైగా సిగరెట్లు. పైగా సరైన నిద్ర లేదు."

తరవాత ఆవిడ చెప్పింది పిన్ని నాకు అప్పజెప్పినట్టు చెప్పింది. మనం పీల్చే గాలిలోని ఆక్సిజనే ఒంట్లో తిండిని మండించి శక్తినిస్తుంది. మంట ఉన్నచోట నిప్పురవ్వలు లేవక మానవు. కొన్ని రవ్వలు అవసరం కూడా, అవి లేకపోతే వీర్యకణానికి అండంలోకి దూరే చేవ రాదు. ఎక్కువైనవాటిని ఆర్పే ఏర్పాటు ఒంట్లోనే ఉంటుంది. వేడి, పొగ, జబ్బులు, నిద్రలేమి లాంటివి కలిసి రవ్వలు పెరిగిపోయి, ఆర్పే శక్తి చాలకపోతే, ఆ స్థితినే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. మిగతా కణాలు దెబ్బ తిన్నా కొంతవరకు బాగుచేసుకుంటాయి. వీర్యకణం మరీ చిన్నది. పరిగెత్తడం కోసం సామానంతా వదిలేసుకుని తోక ఒక్కటి పెట్టుకున్న ప్రాణి. మరమ్మతుకు లోపల చోటు లేదు. దాని చుట్టూ ఉండే పల్చటి కొవ్వు పొర ముందు చెడుతుంది.

"కొవ్వు చెడడమంటే, మన వెన్న కంపు కొట్టినట్టాండీ?" అని పిన్ని అడిగింది.

"ఇంచుమించు అదే. వెన్నను వేడి తగిలేచోట మూత తీసి వదిలేస్తే గాలికి చెడుతుంది చూడండి, అలాంటిదే. పొర చెడితే తోక సరిగ్గా ఆడదు. రవ్వలు ఇంకా లోపలికి పోతే తలలో ఉన్న దారం తెగుతుంది. అప్పుడు గర్భం నిలవడం కూడా కష్టం కావొచ్చు."

బాబాయి అంతా విని, "అయితే నేనే కాల్చుకున్నానాండీ?" అన్నాడు.

"ఇదొక్కటే కారణమని నేను చెప్పను. చాలామందిలో కారణం ఏదీ తేలదు కూడా. కానీ మన చేతిలో ఉన్నవి ఇవి. కొత్త కణాలు తయారవడానికి రెండున్నర మూడు నెలలు పడుతుంది. అన్నాళ్ళు ఆ గుంట వద్దు, సిగరెట్టు వద్దు. తరవాత చూద్దాం." ఆవిడ కొన్ని మాత్రలు రాసి, "వీటితో అద్భుతాలు జరుగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ మేలని మాత్రం అనుకోకండి, అవసరమైన రవ్వలు కూడా ఆరిపోతాయి" అంది.

"ఈస్టు ఎక్కువైతే పిండి పొంగి పొంగి కూలిపోయినట్టన్నమాట" అన్నాడు బాబాయి. అంతసేపట్లో ఆయన గొంతు మామూలుగా పలికింది అప్పుడే.

సిగరెట్టు మానడమే కష్టమవుతుందని పిన్ని భయపడింది. అది ఎలాగో జరిగింది. మనసు లాగినప్పుడల్లా సన్నటి రస్కు ముక్క పెదవుల మధ్య పెట్టుకుని తిరిగేవాడు, మరిచిపోయి దాన్ని వెలిగించుకోబోయేవాడు. అసలు కష్టం గుంట. ఆ పొయ్యి ఆయన వేలి కొసల్లో ఉంది. ఆ గుంటలోంచి పైకి వస్తే తాను నిప్పుకోడి కాదు, పొట్టిగా ఉండే ఒక మనిషి, అంతే. పైగా యజమానురాలికి ఏమని చెప్పాలి?

ఆమెను అందరూ పెద్దమ్మగారు అంటారు. భర్త పోయాక దుకాణం ఒంటిచేత్తో నడుపుతోంది. నోరు కత్తి. ఆమె ముందు నిలబడి బాబాయి, "మోకాళ్ళు నొప్పులండీ పెద్దమ్మగారూ. కొన్నాళ్ళు గుంటలో నిలబడలేను" అన్నాడు.

"నిలబడలేవు, అంతేనా?"

"అంతేనండీ."

మర్నాడు పొద్దున గుంటలో కొత్త స్టూలు ఉంది. కాళ్ళు కోసి, ఎత్తు సరిచేసి మరీ వేయించింది. "నా మోకాళ్ళ బాధ నాకు తెలుసు కదరా. హాయిగా కూర్చుని కాల్చుకో" అంది.

బాబాయి దిగి కూర్చున్నాడు. కూర్చుంటే పొయ్యి నోరు సరిగ్గా ముఖానికి ఎదురుగా వచ్చింది. కాళ్ళు ముడుచుకుంటే ఒళ్ళంతా ముద్దలా నిప్పు ముందు. పిండితాత పైనుంచి తొంగి చూసి, "అబ్బాయ్, ఒక వైపు కాలాక చెప్పు, తిప్పుతాను" అన్నాడు.

కాసేపటికి బాబాయి లేచాడు. కనుబొమ్మల మీంచి చెమట కారుతోంది. ముందు దుకాణంలో గల్లా దగ్గర కూర్చున్న పెద్దమ్మగారి ముందుకు వచ్చి నిలబడి, నేల వైపు చూస్తూ, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాడు. సీసా, అర, రస్కులు, వేడి, రవ్వలు, తెగిన దారాలు. పిన్ని అరల వెనక బొమ్మలా నిలబడిపోయింది. పెద్దమ్మగారు ఏదో ఒకటి అంటుందని, ఆ మాట ఈయన్ని జన్మంతా పొడుస్తుందని ఆమె భయం.

పెద్దమ్మగారు గల్లా పెట్టె మూసింది. తరవాత, "ఆ గుంట వల్లేనా?" అంది.

"గుంట ఒకటి, సిగరెట్టు ఒకటి అన్నారండీ. ఇంకా ఏవైనా ఉండొచ్చట."

"తప్పు ఎవరిదన్నారు?"

"ఎవరిదీ కాదన్నారండీ. నిప్పుదట."

ఆమె కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. తుడవడం అయిపోయినా పెట్టుకోలేదు.

"మా ఆయన పాతికేళ్ళు నిలబడ్డాడురా అందులో" అంది. "ఎంతమంది డాక్టర్ల దగ్గరికి తిప్పారో నన్ను. ఏవేవో తాగించారు, పడుకోబెట్టి ఏవేవో చేశారు. ఒక్కడంటే ఒక్కడు, ఏమయ్యా నువ్వెక్కడ నిలబడతావు అని ఆయన్ని అడగలేదు."

పిన్ని మెల్లగా, "మీ విషయంలో కూడా అదేనని ఎవరం చెప్పలేం కదండీ" అంది.

"చెప్పొద్దులే. ఇప్పుడు తేలి మాత్రం ఎవరికి లాభం?" అంది పెద్దమ్మగారు. "కాదేమో, అవునేమో. నాదే లోపమని ఆయన అనుకుంటూ పోయాడు. నేనూ అదే అనుకుంటూ ఇక్కడ కూర్చున్నాను. ఇంకో మాట ఉండొచ్చని కూడా తెలియదు నాకు."

కళ్ళజోడు పెట్టుకుని గొంతు మార్చింది. "మేస్త్రీని పిలవండి. ఆ గుంట ఇక నాకు కనబడకూడదు."

అలా దుకాణానికి కొన్నాళ్ళు తాళం పడింది. వీధి వీధంతా గొణిగింది. గుంటను పాత ఇటుకలతో పూడ్చారు. పొయ్యి అడుగును ఛాతీ ఎత్తుకు లేపి, నోటికి బరువైన ఇనప తలుపు పెట్టారు. తెడ్డు కర్రను బాగా పొడుగు చేశారు, మనిషి మంటకు దూరంగా నిలబడేలా. అర మాత్రం తియ్యనివ్వలేదు బాబాయి. "దాని తప్పేం లేదు" అన్నాడు.

కొత్త పొయ్యి అయినా డాక్టరమ్మ చెప్పిన గడువు దాటేవరకు ఆయన దాని దగ్గరికి పోకూడదని పిన్ని తీర్మానించింది. పనులు మారాయి. బాబాయి పిండికి, పిండితాత పొయ్యికి.

"నీకు ఫర్వాలేదా తాతా?" అని బాబాయి నసిగాడు.

"ఒరేయ్, నాకు ఐదుగురు మనవలు. నాకు ఇంకేం మిగిలిందని కాలడానికి?" అన్నాడు పిండితాత.

ఆ రోజుల్లో బాబాయిని చూస్తే జాలేసేది. పిండి బల్ల దగ్గర నిలబడి పిసుకుతూనే ముక్కు మాత్రం పొయ్యి గది వైపు పెట్టేవాడు. "తాతా, కుడి మూలవి తిప్పు. తాతా, తలుపు తెరువు. తాతా, వాసన మారింది!" అని కేకలు. పిండితాతకు చెవులు మందం. రెండు పళ్ళాలు ఎర్రబడితే ఒక పళ్ళెం నల్లబడేది. ఒకసారి పొగ కమ్ముకొస్తుంటే ఆగలేక బాబాయి గుమ్మం దాకా ఉరికాడు. గుమ్మానికి అడ్డంగా పిన్ని నిలబడింది.

"కాలిపోతున్నాయే!"

"కాలనీ. ఒకసారి రస్కుల కోసమే కదా పోయావు. మళ్ళీ పోతావా?"

ఆయన అక్కడే ఆగాడు. లోపల బన్నులు మాడుతున్న వాసన నెమ్మదిగా ఇల్లంతా నిండింది. పిండి అంటిన చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరో చావుబతుకుల్లో ఉన్నట్టు, అది అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదని పిన్ని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. "పెళ్ళైన నాటినుంచి నాకోసం ఆయన చాలా తెచ్చాడు. నాకోసం ఒకటి వదులుకోవడం మాత్రం అప్పుడే చూశాను."

గడువు అయ్యాక మళ్ళీ పరీక్షకు వెళ్ళారు. పిన్నికి దుకాణంలో పని తెమలకపోవడంతో ఫలితానికి బాబాయి ఒక్కడే పోయాడు. డాక్టరమ్మ కాగితం చూసి తల ఊపింది. అన్నీ సరి కాలేదు, తెగిన దారాలు ఇంకా ఉన్నాయి, కానీ ముందుకన్నా తక్కువ. కదిలేవి పెరిగాయి. అలాగే సాగమంది. పరీక్ష గది అమ్మాయి ఈయన్ని గుర్తుపట్టి, "రస్కులాయన కదూ? రండి, చూద్దురుగాని" అని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది.

ఆయన ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించాడు. మొదట ఏమీ కనిపించలేదు, తన కనురెప్ప వెంట్రుకలే. తరవాత ఒక తెల్లటి వెలుగు. అందులో సన్నటి తోకలు. కొన్ని ఊరికే వణుకుతున్నాయి. కొన్ని మాత్రం, ఎవరో పిలిచినట్టు, అటునుంచి ఇటు ఈదుకుంటూ పోతున్నాయి. ఒకటి ఆయన చూస్తుండగానే వెలుగు అంచు దాటి వెళ్ళిపోయింది. ఆయన లేవలేదు. వెనక వేరేవాళ్ళు ఎదురుచూస్తున్నారని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

దుకాణానికి వచ్చేసరికి సాయంత్రపు రద్దీ. పిన్ని వెనక గదిలోకి వెళ్ళి ఉంది. గల్లా దగ్గర పెద్దమ్మగారు. ఎదురుగా రొట్టె కొనేవాళ్ళు బారులు తీరి ఉన్నారు. బాబాయి ఆ బారు పక్కన నిలబడ్డాడు, అందరూ వెళ్ళాక చెబుదామని. ఎవరూ వెళ్ళేలా లేరు.

"ఏమన్నార్రా?" అంది పెద్దమ్మగారు చిల్లర ఇస్తూనే.

ఆయన ఆమె వైపు వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "కదులుతున్నాయండీ" అన్నాడు.

"ఆఁ? గట్టిగా చెప్పు."

"కదులుతున్నాయి!"

బారులో ఉన్న ఒకాయన ఏవి కదులుతున్నాయా అని గాజు అరల్లోకి వంగి చూశాడు. పెద్దమ్మగారి చేతిలో చిల్లర ఆగిపోయింది. ఆమె వెంటనే సర్దుకుంది.

"అవి కదులుతుంటే నువ్వెందుకురా ఇక్కడ కదలకుండా నిలబడ్డావు?" అంది వీధికంతా వినపడేలా. "ఇంటికి పో!"

బాబాయి చెవుల దాకా ఎర్రబడి, పిండి గది దాటి, పొయ్యి గది దాటి, వెనక గదుల వైపు పోయాడు. పొయ్యి ముందు పిండితాత, "అబ్బాయ్, ఈ పళ్ళెం తియ్యమంటావా, ఉంచమంటావా?" అని అడిగాడట. జవాబుగా తలుపు వేసిన చప్పుడు మాత్రం వినపడిందట.

ఆ సాయంత్రం చెప్పేవాడు లేక పళ్ళెంలో బన్నులన్నీ నల్లబడ్డాయి. పెద్దమ్మగారు వాటిని గాజు అరలో ముందు వరసలోనే పెట్టించి, అడిగినవాళ్ళందరికీ, "ఇవాళ్టివి బాగా కాలినవి" అని చెప్పి అమ్మింది.